పాత మజ్దా ఆర్‌ఎక్స్-7: గాలి, బెల్టు, ఫ్యాన్

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే కారుకు సంబంధించినవి కావడంతో, మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి ఈ శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ఆ కారు అమెరికాలో 1986 నుంచి 1991 వరకు మోడళ్లుగా అమ్ముడైన రెండో తరం మజ్దా ఆర్‌ఎక్స్-7. పిస్టన్లకు బదులు త్రికోణాకారపు రోటర్లతో నడిచే ఇంజను (రోటరీ ఇంజను) దీనిది. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో కొందరు ఈ కార్లను కొని, తామే బానెట్ ఎత్తి పని చేసుకుంటున్నారు.

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నాను. ఈమధ్య 1990 మోడల్ ఆర్‌ఎక్స్-7, టర్బో లేనిది, మాన్యువల్ గేర్లది కొన్నాను. ఇంజను ఆరోగ్యంగానే ఉంది. మూడు మార్పులు చేయాలనుకుంటున్నాను. ఫిల్టర్ ఉండే డబ్బా తీసేసి శంకువు ఆకారపు ఫిల్టర్ పెట్టడం మొదటిది. ఎగ్జాస్ట్‌లోకి అదనపు గాలి తోసే ఎయిర్ పంపును, దాని బెల్టును తీసేసి, ఇంజను ముందున్న ప్రధాన పుల్లీ స్థానంలో చిన్న పుల్లీ వేయడం రెండోది. బెల్టుతో తిరిగే ఫ్యాన్ తీసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించడం మూడోది. వీటివల్ల పది పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందని తెలిసినవారు అంటున్నారు. ముందు ఏది చేయాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో దయచేసి చెప్పండి.

జవాబు: మీరు వీటిని మూడు వేర్వేరు పనులుగా రాశారు కానీ, మీ కారులో ఇవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఎయిర్ పంపు ఇంజను గాలి పీల్చుకునే దారులను తెరుస్తుంది, ఫ్యాను నీళ్ల పంపుతో కలిసి తిరుగుతుంది, ఆ నీళ్ల పంపును తిప్పే బెల్టే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను కూడా తిప్పుతుంది. అందువల్ల ఒక భాగాన్ని తీసేముందు దాని మీద ఇంకేమి ఆధారపడి ఉందో చూడకపోతే, ఒకచోట సంపాదించినదానికంటే మరోచోట ఎక్కువ పోగొట్టుకుంటారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎయిర్ పంపును ఉంచండి, చిన్న పుల్లీ ఆలోచన మానుకోండి, ఫిల్టర్ మార్చాలనుకుంటే వేడి తగలకుండా అడ్డు కట్టి మార్చండి, ఫ్యాన్ సంగతి మాత్రం ఇప్పుడున్నదాన్ని పరీక్షించిన తర్వాతే నిర్ణయించండి.

ఎయిర్ పంపుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది చెడగొట్టుకునేది అక్కడే. మీ కారులోని 13బి ఇంజనుకు రెండు రోటర్లు, ఒక్కొక్కటి 654 సీసీ, మొత్తం 1308 సీసీ. టర్బో లేని ఈ ఇంజనుకు గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు ఒక్కో రోటర్‌కు మూడు చొప్పున మొత్తం ఆరు ఉంటాయి. వాటిలో నాలుగు ఎప్పుడూ పనిచేస్తాయి. మిగిలిన రెండింటిని గొట్టం ఆకారపు తిరిగే మూతలు మూసి ఉంచి, ఇంజను వేగం నిమిషానికి దాదాపు 3800 చుట్లు దాటినప్పుడు మాత్రమే తెరుస్తాయి. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఇరుకు దారిలో గాలి జోరుగా వెళ్లి ఇంజను బాగా లాగాలని, వేగం పెరిగినప్పుడు దారి వెడల్పై ఊపిరి సరిపోవాలని ఈ ఏర్పాటు చేశారు. 1989 నుంచి 1991 వరకు వచ్చిన కార్లలో ఆ మూతలను తిప్పేది ఎయిర్ పంపు నుంచి వచ్చే గాలి ఒత్తిడే. ఇంకా పైవేగంలో రెండు రోటర్ల గాలి గొట్టాలను కలిపి, ఒక రోటర్ దగ్గర పుట్టిన ఒత్తిడి తరంగం రెండోదానికి ఉపయోగపడేలా చేసే కవాటం కూడా మీ కారులో ఉంది. దాన్ని తెరిచేది కూడా అదే ఒత్తిడి. మీ కారు 160 హార్స్‌పవర్, అంతకుముందరి 1986-88 కార్లు 146 హార్స్‌పవర్ ఇస్తాయి, ఈ తేడాకు ఆ కవాటం కూడా ఒక కారణం. పంపు తీసేస్తే మూతలు, కవాటం రెండూ మూగపోతాయి. పంపును తిప్పడానికి ఖర్చయ్యే కొద్దిపాటి శక్తి మిగులుతుంది కానీ, 4000 చుట్ల పైన ఇంజను ఊపిరాడనట్టు నీరసపడుతుంది. ఆ ఇబ్బంది తప్పించడానికి మూతలను శాశ్వతంగా తెరిచి తీగతో కట్టేసేవారు ఉన్నారు. అలా చేస్తే పైవేగం తిరిగి వస్తుంది గాని, ఊరిలో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు నడిపే వేగాలలో లాగుడు తగ్గిపోతుంది. ఈ ఇంజనుకు కింది వేగాలలో బలం మొదటినుంచీ తక్కువే కాబట్టి ఆ లోటు బాగా తెలుస్తుంది.

ఆ పంపు పని అంతటితో అయిపోదు. రోటరీ ఇంజను పొగలో కాలకుండా మిగిలిన ఇంధనం ఎక్కువగా ఉంటుంది, దాన్ని కాల్చడానికి ఎగ్జాస్ట్‌లోకి, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి అదనపు గాలి పంపేది ఇదే. ఇది కాలుష్య నియంత్రణ పరికరం కాబట్టి, రోడ్డు మీద నడిచే కారు నుంచి దాన్ని తీయడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నిషిద్ధం. టెక్సస్‌లో కాలుష్య పరీక్ష 24 ఏళ్లలోపు కార్లకే పరిమితం గనుక మీ కారును ఎవరూ పరీక్షకు పిలవకపోవచ్చు, అయినా పరీక్ష లేనంత మాత్రాన నిషేధం పోదు. రేపు మీరు కాలిఫోర్నియాకు మారితే 1976, ఆ తర్వాతి మోడళ్లన్నీ పరీక్షకు వెళ్లాలి, అక్కడ పరికరాలు ఉన్నాయో లేదో కంటితో కూడా చూస్తారు. పంపు పాతబడిందని అనుమానమైతే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు బెల్టు వదులు చేసి దాని పుల్లీని చేత్తో తిప్పండి. గరగరలాడకుండా, ఊగకుండా తిరిగితే దాని జోలికి వెళ్లవద్దు.

ఇక ఫిల్టర్. మీ ఇంజనులోని కంప్యూటర్ ఎంత గాలి లోపలికి వెళ్తోందో ఎయిర్ ఫ్లో మీటర్ చెప్పినదాన్ని బట్టే పెట్రోలు పోయిస్తుంది. 1986-88 కార్లలో ఆ మీటరులో స్ప్రింగు పట్టుకున్న తలుపు లాంటి రెక్క ఉంటుంది, మీ కారులో గాలికి వెనక్కి జరిగే శంకువు ఆకారపు దిమ్మ ఉంటుంది. రెండూ గాలికి కొంత అడ్డే. అలాగని మీటరును తీసేయడం మాత్రం కుదరదు, తీయాలంటే కంప్యూటర్‌నే మార్చి కొత్తగా ట్యూనింగ్ చేయించాలి. కాబట్టి మీరు మార్చగలిగింది మీటరుకు ముందున్న డబ్బా, ఫిల్టర్ మాత్రమే. ఆ డబ్బా గాలిని కారు ముందు భాగం నుంచి, రేడియేటర్ వేడి తగలకముందే తీసుకుంటుంది. దాన్ని తీసి శంకువు ఫిల్టర్‌ను బానెట్ కింద వదిలేస్తే, రేడియేటర్ గుండా వచ్చిన వేడి గాలినే ఇంజను పీలుస్తుంది. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద 60 డిగ్రీలు ఉంటే, గాలి సాంద్రత దాదాపు ఏడున్నర శాతం తగ్గుతుంది. ఇంజను శక్తి కూడా సుమారుగా అదే పాళ్లలో పడిపోతుంది. 160లో ఏడున్నర శాతం అంటే 12 హార్స్‌పవర్, అంటే మీరు సంపాదించాలనుకున్న మొత్తాన్ని టెక్సస్ ఎండలో వేడి గాలి ఒక్కటే తినేస్తుంది. శంకువు ఫిల్టర్ పెట్టాక ఇంజను గాలి పీల్చే చప్పుడు గట్టిగా వినబడుతుంది, ఆ చప్పుడును చాలామంది బలమని భ్రమపడతారు.

అయినా పెట్టాలనుకుంటే, ఫిల్టర్ చుట్టూ పలుచని అల్యూమినియం రేకుతో గది కట్టి, దాని పై అంచుకు బానెట్‌కు ఆనుకునేలా రబ్బరు పట్టీ తొడిగి, ముందు బంపరు వైపు నుంచి చల్లని గాలి వచ్చే గొట్టం అందులోకి వదలండి. తీగ చివర సెన్సర్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్‌ను ఆ గదిలో పెట్టి, సాయంత్రం రద్దీలో ఒకసారి నడిపి చూడండి. కారు కదులుతున్నప్పుడు ఆ అంకె బయటి ఉష్ణోగ్రతకు ఐదారు డిగ్రీల లోపల ఉంటే మీ గది పనిచేస్తున్నట్టు, లేకపోతే పాత డబ్బాయే మేలు.

అసలు ఈ పనికంటే ముందు చూడవలసింది మీటరుకు, థ్రాటిల్‌కు (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి ద్వారానికి) మధ్య ఉండే ముడతల రబ్బరు గొట్టం. మూడున్నర దశాబ్దాల వయసున్న రబ్బరు అది. మామూలుగా చూస్తే బాగానే కనిపిస్తుంది, చేత్తో వంచి ముడతలను విప్పి చూస్తే వాటి లోతుల్లో సన్నని పగుళ్లు బయటపడతాయి. ఆ పగుళ్ల గుండా వెళ్లే గాలిని మీటరు లెక్కించలేదు కాబట్టి, ఇంధనం తగ్గి మిశ్రమం పలుచబడుతుంది. పలుచని మిశ్రమంతో పుట్టే అధిక వేడిని, నాకింగ్‌ను (ఇంధనం అదుపు తప్పి పేలడాన్ని) ఈ ఇంజను భరించలేదు. రోటర్ మూలల్లో ఉండే సీళ్లు విరిగితే ఇంజను మొత్తం విప్పాల్సిందే. కొత్త ఫిల్టరుకు పెట్టే డబ్బు ముందు ఆ గొట్టానికి పెట్టండి.

ఇప్పుడు ఫ్యాన్. ఇది కాస్త వివరంగా చెప్పుకోవలసిన విషయం. మీ కారులో ఫ్యాన్ నీళ్ల పంపు పుల్లీకి నేరుగా బిగించి ఉండదు, మధ్యలో ఫ్యాన్ క్లచ్ ఉంటుంది. అందులో చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటుంది, ముందువైపు చుట్టలా ఉండే రెండు లోహాల పట్టీ రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడికి మెలిదిరిగి ఆ ద్రవాన్ని లోపలికి వదులుతుంది. గాలి చల్లగా ఉంటే ఫ్యాన్ జారుతూ నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కితే పుల్లీతో కలిసి గట్టిగా తిరుగుతుంది. అంటే హైవే మీద అది ఎప్పుడూ ఇంజను బలాన్ని లాగేస్తుందన్న మాటలో పెద్దగా నిజం లేదు. పైవేగంలో క్లచ్ ఎలాగూ జారుతుంది. ఫ్యాన్‌ను తీసినందువల్ల మిగిలే శక్తి కొలపరికరంలో కనబడవచ్చు గాని నడిపేవారికి తెలిసేంత ఉండదు. పైగా తీసేసిన ఫ్యాన్ పనిని ఎలక్ట్రిక్ ఫ్యాన్ కరెంటుతో చేస్తుంది, ఆ కరెంటును ఆల్టర్నేటర్ మళ్లీ అదే ఇంజను నుంచే తీసుకుంటుంది.

కాబట్టి ముందుగా ఉన్న ఫ్యాన్‌ను పరీక్షించండి. కారును బాగా నడిపి, ఇంజను పూర్తి వేడిలో ఉండగా ఆపి, తాళం చెవి తీసేసి, ఫ్యాన్ రెక్కను చేత్తో తోయండి. తేనెలో తిరిగినట్టు బిగువుగా కదిలి వెంటనే ఆగితే క్లచ్ బాగున్నట్టు. మూడు నాలుగు చుట్లు స్వేచ్ఛగా తిరిగితే లోపలి ద్రవం కారిపోయినట్టు. క్లచ్ మధ్యభాగంలో నూనె జిడ్డు, దాని మీద అంటిన దుమ్ము వలయం కనిపించినా అదే అర్థం. రెండోది, రేడియేటర్‌కు, ఫ్యాన్‌కు మధ్య ఉండే ప్లాస్టిక్ తొడుగు విరగకుండా ఉందా చూడండి. తొడుగు లేని ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలిని లాగదు, తన చుట్టూ ఉన్న గాలినే తిప్పుతుంది. మూడోది, కారు కింద ముందుభాగంలో ఉండవలసిన ప్లాస్టిక్ పళ్లెం ఉందో లేదో చూడండి. ఆయిల్ మార్చేటప్పుడల్లా విప్పాలి గనుక, ఎప్పుడో ఒక మెకానిక్ దాన్ని తిరిగి బిగించకుండా వదిలేసి ఉంటాడు. ఈ కారు ముందు నుంచి వచ్చే గాలి రేడియేటర్ గుండానే పోయేలా ఆ పళ్లెం దారి మళ్లిస్తుంది. అది లేకపోతే గాలి కిందనుంచి తప్పించుకుపోయి, హైవే వేగంలో కూడా ఉష్ణోగ్రత ముల్లు పైకి ఎక్కుతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు వేడెక్కే ఆర్‌ఎక్స్-7 చూస్తే నేను మొదట వంగి కారు కిందే చూస్తాను. ఆ వేగంలో ఏ ఫ్యాన్ పాత్రా దాదాపు ఉండదు కాబట్టి, ఆ జబ్బుకు ఎలక్ట్రిక్ ఫ్యాన్ మందు కాదు.

ఇవన్నీ బాగున్నాక, లేదా ఫ్యాన్ క్లచ్ పోయి కొత్తది దొరకనప్పుడు, ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు వెళ్లండి. రద్దీలో ఏసీ వేసుకుని ఆగి ఉన్నప్పుడు, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా పూర్తి గాలి ఇవ్వగలగడం దాని నిజమైన ప్రయోజనం, టెక్సస్ వేసవిలో అది చిన్న విషయం కాదు. ఫ్యాన్ రేడియేటర్‌కు వెనక ఉండి గాలిని లాగేదై ఉండాలి, దానికి రేడియేటర్ ముఖమంతా కప్పే తొడుగు ఉండాలి. ప్లాస్టిక్ పుల్లలను రేడియేటర్ గుండా గుచ్చి బిగించే పద్ధతి వద్దు, ఆ పుల్లలు అదురుకు గొట్టాలను అరగదీసి కొన్నాళ్లకు నీళ్లు కారేలా చేస్తాయి.

కరెంటు విషయంలో ఎక్కడా సర్దుకోవద్దు. మంచి బలమైన ఫ్యాన్ నడుస్తున్నప్పుడు 30 ఆంపియర్లు తీసుకోవచ్చు, మొదలయ్యే క్షణంలో అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఈ కార్ల ఆల్టర్నేటర్ సామర్థ్యం 70 నుంచి 80 ఆంపియర్ల స్థాయిది, అదీ ఇంజను వేగంగా తిరిగినప్పుడు. రాత్రి లైట్లు, వైపర్లు, ఏసీ బ్లోయర్, వాటితోపాటు ఈ ఫ్యాన్ అన్నీ ఒకేసారి నడిస్తే, ఆగి ఉన్న కారులో బ్యాటరీ తరుగుతూ ఉంటుంది. మీరు చెప్పిన చిన్న పుల్లీ వేస్తే ఆల్టర్నేటర్, నీళ్ల పంపు రెండూ ఇంకా నెమ్మదిస్తాయి, అంటే కరెంటు అత్యవసరమైన చోటే కరెంటు తగ్గుతుంది, నీళ్లు జోరుగా తిరగవలసిన చోటే నీళ్లు నెమ్మదిస్తాయి. ఎప్పుడూ పైవేగంలోనే తిరిగే రేసు కారుకు, పంపు మరీ వేగంగా తిరిగి నీటిలో బుడగలు పుట్టకుండా ఉండేందుకు ఆ పుల్లీ పనికొస్తుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌తో, ఏసీతో ఊరిలో తిరిగే కారుకు అది శత్రువు.

ఫ్యాన్‌కు తీగ బ్యాటరీ నుంచి నేరుగా రావాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, తీగ పది గేజ్ కంటే సన్నగా ఉండకూడదు, మధ్యలో కనీసం 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉండాలి. డ్యాష్‌బోర్డులో చేత్తో వేసే స్విచ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఒక్కరోజు వేయడం మరచిపోతే ఈ ఇంజను క్షమించదు. ఉష్ణోగ్రతను బట్టి దానంతటదే పనిచేసే స్విచ్ పెట్టండి. మీ ఇంజను థర్మోస్టాట్ (నీళ్లు తగినంత వేడెక్కాక వాటిని రేడియేటర్‌కు వదిలే మూత) 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది కాబట్టి, ఫ్యాన్ 90-95 డిగ్రీల మధ్య మొదలయ్యేలా చూసుకోండి. 80 డిగ్రీలకే మొదలయ్యే స్విచ్ పెడితే ఇంజను సహజంగా ఉండే వేడిలోనే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. ఏసీ వేసినప్పుడు కూడా ఫ్యాన్ మొదలయ్యేలా రెండో తీగ కలపండి. బిగించాక ఒక పలుచని కాగితాన్ని రేడియేటర్ ముందు వైపు పెట్టి చూడండి. కాగితం అంటుకుని నిలబడితే ఫ్యాన్ సరైన దిశలో లాగుతున్నట్టు, ఎగిరిపోతే తీగలు తారుమారైనట్టు. తీగలు తారుమారైన ఫ్యాన్ కూడా చక్కగా తిరుగుతూనే కనిపిస్తుంది, కాబట్టి ఈ పరీక్ష మానకండి.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రాస్తున్నాను. నా కారు 1987 మోడల్, టర్బో లేనిది. నేను కొనేనాటికే ఎయిర్ పంపు లేదు. ఎయిర్ పంపు తీసేస్తే ఏమవుతుందో మీరు ఇంతకుముందు ఒకసారి క్లుప్తంగా చెప్పారు, అది చదివి నా ఇంజనులో గాలి లోపలికి వెళ్లే అదనపు రంధ్రాలు తెరుచుకోవడం లేదేమోనని భయం పట్టుకుంది. ఇంకొక సంగతి, ఇంజనును 5000 పైకి లాగినప్పుడు బ్యాటరీ దీపం మసకగా వెలుగుతుంది, కాసేపటికి ఉష్ణోగ్రత ముల్లు కూడా కదులుతుంది.

జవాబు: మొదటి భయం మీకు అక్కరలేదు. 1986-88 కార్లలో ఆ మూతలను తెరిచేది ఎయిర్ పంపు కాదు, ఎగ్జాస్ట్ గొట్టంలో వెనక్కి తన్నే ఒత్తిడి. మీ కారు సైలెన్సర్ అసలుది అయితే అవి పనిచేస్తూనే ఉంటాయి. ముందు యజమాని పెద్ద గొట్టాల ఎగ్జాస్ట్ వేయించి ఉంటే మాత్రం ఒత్తిడి చాలక తెరుచుకోకపోవచ్చు. తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. మూతలను తిప్పే రెండు కడ్డీల మీద, ఆ ఒత్తిడికి వాటిని కదిలించే చిన్న డబ్బీలోకి అవి వెళ్లే చోట మార్కర్ కలంతో గీత పెట్టి, రోడ్డు మీద ఒకసారి 6000 దాకా లాగి వచ్చి చూడండి. గీత చెదిరితే కడ్డీ కదిలినట్టే. నిలిపి ఉంచిన కారులో ఇంజనును రెచ్చగొట్టి చూస్తే సరిపోదు, బరువు లేనప్పుడు ఒత్తిడి అంతగా పెరగదు.

మీ రెండో ఇబ్బందికి మూలం ఆ తీసేసిన పంపే కావచ్చు. మీ కారులో ఉన్నవి వి ఆకారపు బెల్టులు. ఎయిర్ పంపు బెల్టు కూడా నీళ్ల పంపు పుల్లీని చుట్టి వెళ్లేది గనుక, నీళ్ల పంపును రెండు బెల్టులు కలిసి తిప్పేవి. ఇప్పుడు మిగిలిన ఒక్క బెల్టు మీదే నీళ్ల పంపు, ఫ్యాన్, ఆల్టర్నేటర్ మూడింటి బరువూ పడుతోంది. పైవేగంలో అది జారితే ముందు ఆల్టర్నేటర్ తగ్గి దీపం వెలుగుతుంది, తర్వాత నీళ్లు నెమ్మదించి ముల్లు లేస్తుంది. మీరు రాసిన వరుస సరిగ్గా అదే. ఆ దీపాన్ని ఆల్టర్నేటర్ జబ్బుగా లెక్కగట్టి ఆల్టర్నేటర్ మార్చేసినవారు చాలామంది ఉన్నారు.

బెల్టు తీసి దాని పక్క గోడలను వేలితో తడిమి చూడండి. మెరుస్తూ, నున్నగా, గాజులా తగిలితే అది జారి కాలిన బెల్టు, ఎంత బిగించినా పట్టు రాదు. పుల్లీ గాడిలో కూడా చూడండి. వి బెల్టు పక్క గోడల మీద పట్టు పట్టాలి. గాడి అడుగుభాగం మెరుస్తుంటే బెల్టు అరిగి కిందకు దిగిపోయిందని, లేదా వెడల్పు తక్కువ బెల్టు వేశారని అర్థం. కొత్త బెల్టు వేశాక రెండు పుల్లీల మధ్య బారుగా ఉన్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. మరీ బిగిస్తే నీళ్ల పంపు బేరింగు, ఆల్టర్నేటర్ బేరింగు తొందరగా పోతాయి. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది కాబట్టి రెండు మూడు వందల మైళ్ల తర్వాత మళ్లీ చూసి బిగించండి. శాశ్వత పరిష్కారం కావాలంటే ఆల్టర్నేటర్‌కు రెండు గాడుల పుల్లీ వేయించి, జంట బెల్టులు నడపడం మంచిది. ఎయిర్ పంపును తిరిగి పెట్టించుకోవడం అంతకంటే మంచిది. చట్టానికీ అదే సరి, బెల్టుకూ అదే సరి.

ప్రశ్న: నేను కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా నాన్నగారి పాత కారు వేడెక్కుతుంటే మెకానిక్ థర్మోస్టాట్ తీసేశారు, అప్పటి నుంచి బాగానే నడుస్తోంది. రోటరీ ఇంజనుకు కూడా అలాగే తీసేస్తే చల్లగా ఉంటుంది కదా? అసలు ఆ ఇంజనులకు వేడి సమస్య ఎందుకు ఎక్కువ?

జవాబు: మన ఊళ్లలో పాత కార్లకు ఆ చిట్కా ఎప్పటినుంచో ఉంది. అది జబ్బును దాచిపెడుతుందే గాని నయం చేయదు, మీ నాన్నగారి కారు రేడియేటర్‌ను ఒకసారి శుభ్రం చేయించమని చెప్పండి. ఆర్‌ఎక్స్-7లో ఆ పని చేస్తే దాచిపెట్టడం కూడా జరగదు, ఇంజను ఇంకా ఎక్కువగా వేడెక్కుతుంది. ఈ ఇంజను థర్మోస్టాట్‌కు రెండు పనులున్నాయి. పైభాగం తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు పంపుతుంది. అదే సమయంలో కింది భాగంలో ఉన్న బిళ్ల దిగి, నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజనులోనే తిరిగివచ్చే అడ్డదారిని మూస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడి నీళ్లలో కొంత భాగం చల్లబడకుండానే మళ్లీ ఇంజనులోకి వెళ్తుంది. కింది బిళ్ల లేని వేరే కారు థర్మోస్టాట్ తెచ్చి పెట్టినా ఇదే జరుగుతుంది.

మీ రెండో ప్రశ్న చాలా మంచిది. పిస్టన్ ఇంజనులో ఒకే సిలిండరులో చల్లని గాలి రావడం, మంట రావడం వంతులవారీగా జరుగుతాయి, కాబట్టి గోడ అన్ని వైపులా దాదాపు ఒకేలా వేడెక్కుతుంది. రోటరీలో గాలి పీల్చడం ఎప్పుడూ ఒక వైపే, మండడం ఎప్పుడూ మరో వైపే. ఇంజను ఒక పక్క తెరిపి లేకుండా కాలుతుంటే ఇంకో పక్క చల్లగా ఉంటుంది. పైగా రోటర్లు తిరిగే గదులు అల్యూమినియంవి, వాటి మధ్య, రెండు చివర్లలో ఉండే పలకలు పోత ఇనుమువి. వేడికి అల్యూమినియం ఇనుముకంటే ఎక్కువగా సాగుతుంది. ఈ పొరలన్నిటినీ పొడవాటి బోల్టులు కలిపి పట్టి ఉంచుతాయి, పొరల మధ్య నీళ్లు లోపలికి కారకుండా సన్నని రబ్బరు సీళ్లు ఉంటాయి. ఒక్కసారి హద్దు దాటి వేడెక్కితే ఆ సీళ్లు నలిగిపోతాయి, నీళ్లు మంట గదిలోకి చేరతాయి, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు తెల్లని పొగ తీపి వాసనతో వస్తుంది. ఇక ఇంజను విప్పక తప్పదు. రోటర్ లోపలి భాగాన్ని నీళ్లు కాక ఇంజను ఆయిలే చల్లబరుస్తుంది. మొత్తం వేడిలో దాదాపు మూడో వంతు ఆయిలే మోసుకుపోతుంది. అందువల్ల ఈ కార్లలో రేడియేటర్‌తో సమానంగా ఆయిల్ కూలర్‌ను కూడా దుమ్ము, పురుగులు పేరుకోకుండా చూసుకోవాలి. ఫ్యాన్ మార్చాలనుకునేవారు ఎంతోమంది రాస్తారు గాని, ఆయిల్ కూలర్ గురించి అడిగేవారు అరుదు.

ప్రశ్న: మా కారుకు ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేయించాము (అట్లాంటా, 1988 మోడల్). ఇంజను ఆపిన తర్వాత కూడా పది నిమిషాలు తిరిగేలా కలపమంటారా?

జవాబు: అవసరం లేదు. ఇంజను ఆపగానే నీళ్ల పంపు ఆగుతుంది, ఆ తర్వాత ఫ్యాన్ ఎంతసేపు తిరిగినా రేడియేటర్‌లో నిలిచి ఉన్న నీళ్లను చల్లబరుస్తుందే గాని, ఇంజనులో ఉన్న వేడి నీళ్లను ఇటు తేలేదు. బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది. బాగా లాగి నడిపిన తర్వాత, ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వడం దానికంటే ఎక్కువ మేలు చేస్తుంది. రిలేను పనిచేయించే సన్న తీగను (ఫ్యాన్‌కు కరెంటు తెచ్చే లావు తీగను కాదు) తాళం చెవి తిప్పితేనే పనిచేసే తీగకు కలపండి. ఇప్పటికే ఎవరైనా ఆ సన్న తీగను నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే, ఇంజను ఆపి ఉన్నా వేడికి స్విచ్ పడి ఫ్యాన్ అకస్మాత్తుగా తిరగడం మొదలుపెట్టవచ్చు. కాబట్టి ఆ తీగ మార్పించేవరకు, బెల్టు చూడటానికి గాని, గొట్టం బిగించడానికి గాని బానెట్ కింద చెయ్యి పెట్టేముందు ఫ్యాన్ ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి.